గర్భసంచి తీసేశాక కూడా అండాశయ క్యాన్సర్ వస్తుందా? ఆపరేషన్‌లో ఓవరీలు (అండాశయాలు) కూడా తీసేద్దామంటున్నారు

ఓరుగల్లు_బిడ్డ, హన్మకొండ

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి. నాకు 44. చాలా రోజులుగా నెలసరి విపరీతంగా అవుతోంది, గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, అంటే గడ్డలు అన్నారు, హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది, స్కూల్లో రెండో అంతస్తుకు ఎక్కాలంటే మధ్యలో రెయిలింగ్ పట్టుకుని నిలబడుతున్నా. మాత్రలు వాడాను, లోపల పెట్టే హార్మోన్ లూప్ కూడా వేయించుకున్నాను, అది రక్తంతో పాటే జారిపోయింది. ఇక గర్భసంచి తీసేయడమే అన్నారు, నేనూ సరే అన్నాను.

అసలు సమస్య మా పిన్ని. అమ్మకు సొంత చెల్లెలు, నర్సంపేట వైపు ఉంటారు. ఎప్పుడో ముప్పై ఏళ్ల వయసులోనే గర్భసంచి తీయించుకుంది. పోయిన ఏడాది కడుపు ఉబ్బరం అంటే నెలల తరబడి గ్యాస్ మాత్రలే ఇచ్చారు. తీరా స్కానింగ్ తీస్తే కడుపులో నీరు, అండాశయ క్యాన్సర్, మూడో స్టేజీ. ఇప్పుడు హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. చూడటానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట, "గర్భసంచే లేనిదానికి క్యాన్సర్ ఎట్లా వచ్చె?"

ఇది విని నాకు ఆపరేషన్ చేస్తానన్న డాక్టరమ్మ, ఎలాగూ పొట్ట తెరుస్తున్నాం కదా, ఓవరీలు కూడా తీసేద్దాం, జీవితాంతం టెన్షన్ ఉండదు అంది. ఇంకో డాక్టర్ దగ్గరికి పోతే, ఈ వయసులో ఓవరీలు ముట్టుకోవద్దు అంది. మధ్యలో మా ఆడబిడ్డ, పిల్లలు కాకుండా నువ్వు చేయించుకున్న ఆపరేషన్ వల్ల కూడా క్యాన్సర్ వస్తుందట అని ఇంకో బాంబు వేసింది. ఎవరి మాట వినాలో అర్థం కావడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదావరిఖని_రిటైర్డ్

అమ్మా, పిల్లలు పుట్టారు, పెద్దయ్యారు. ఇంక వాటితో పనేముంది? పనికిరాని సామాను ఇంట్లో పెట్టుకుంటే ఎప్పటికైనా తేళ్లు చేరతాయి. ఒక్కసారే అంతా తీయించేసెయ్. మా ఇంటావిడకు 20 ఏళ్ల కింద తీయించినం, గట్టిగా ఉంది.

మూడో_షిఫ్ట్, వరంగల్

బాపూ, మీ ఇంటావిడకు ఏమేం తీశారో మీకు తెలుసా? ఊరికే అడగడం లేదు. నేను ఆపరేషన్ థియేటర్‌లో స్టాఫ్ నర్సుని. బయట కూర్చున్నవాళ్లను పిలిచి స్టీలు ట్రేలో తీసిన గర్భసంచి చూపిస్తాం. మొగుడో తమ్ముడో ఒక్క క్షణం చూసి తల తిప్పేసుకుంటాడు. దాన్ని ఫార్మాలిన్ డబ్బాలో వేసి, పేరు చీటీ అంటించి, బయాప్సీకి ఇచ్చి రమ్మని వాళ్ల చేతికే ఇస్తే, కొందరు ల్యాబ్ దాకా పోతారు, కొందరు పోనే పోరు. ఆ ట్రేలో ట్యూబులు ఉన్నాయా, ఓవరీలు ఉన్నాయా అని అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

గర్భసంచి వేరు, దానికి రెండు పక్కలా ఉండే ట్యూబులు వేరు, ట్యూబుల చివర ఉండే ఓవరీలు వేరు. సంచి ఒక్కటే తీసి మిగతావి వదిలేయొచ్చు, సంచీ ట్యూబులూ తీసి ఓవరీలు ఉంచొచ్చు, అన్నీ తీసేయొచ్చు. డిశ్చార్జి కాగితంలో టీఏహెచ్, టీఎల్‌హెచ్, వీహెచ్ అని ఉంటే గర్భసంచి తీశారని. పక్కన బీఎస్‌ఓ అని ఉంటే రెండు ట్యూబులూ రెండు ఓవరీలూ కూడా పోయినట్టు. బీఎస్ అని మాత్రమే ఉంటే ట్యూబులు పోయాయి, ఓవరీలు ఉన్నాయి. చెల్లె, మీ పిన్నికి ముప్పై ఏళ్లలో చేశారంటే ఓవరీలు వదిలేసే ఉంటారు. ఉన్న ఓవరీకి క్యాన్సర్ రావడానికి గర్భసంచితో పని లేదు.

తెల్లకోటు

నేను గైనకాలజిస్టుని, చదివింది కాకతీయ మెడికల్ కాలేజీలోనే. సిస్టర్ చెప్పింది కరెక్టు. దానికి కొంచెం కలుపుతాను.

ముందు మీ ఆడబిడ్డ మాట తీసేయండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వల్ల అండాశయ క్యాన్సర్ పెరగదు, తగ్గుతుంది. స్వీడన్‌లో 1973 నుంచి 2009 దాకా ఆసుపత్రి రికార్డులన్నీ తీసి, ఇలాంటి ఆపరేషన్లు అయిన రెండున్నర లక్షల మందిని, అలాంటివి జరగని 54 లక్షల మందితో పోల్చారు. 2015లో అచ్చయింది. ట్యూబులు కట్టించుకున్నవాళ్లలో రిస్కు 28 శాతం తక్కువ. గర్భసంచి మాత్రమే తీసినవాళ్లలో 21 శాతం తక్కువ. రెండు ట్యూబులూ పూర్తిగా తీసేసినవాళ్లలో 65 శాతం తక్కువ. ఓవరీలతో సహా అన్నీ తీసినవాళ్లలో 94 శాతం తక్కువ. గర్భసంచి ఒక్కటే తీస్తే వచ్చే లాభం మీద మాత్రం అందరికీ ఒకే మాట లేదు. 2019లో పశ్చిమ ఆస్ట్రేలియా రికార్డులు చూస్తే మొత్తం మీద తేడా ఏమీ కనిపించలేదు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) గానీ ఫైబ్రాయిడ్లు గానీ ఉన్నవాళ్లలో మాత్రం తగ్గింది.

ట్యూబు తీస్తే ఓవరీ క్యాన్సర్ ఎందుకు తగ్గాలి అని అడుగుతారు. మనం ఓవరీ క్యాన్సర్ అని పిలుస్తున్న వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైన రకం, ఎక్కువమందిలో వచ్చేది, చాలావరకు ఓవరీలో మొదలవదు. ట్యూబు చివర కుచ్చులా వేలాడే భాగం ఉంటుంది, అండాన్ని అందుకునేది అదే. అక్కడి కణాల్లో మార్పు మొదలై పక్కనే ఉన్న ఓవరీ మీద, కడుపు పొర మీద రాలి పెరుగుతుంది. వంశపారంపర్యంగా రిస్కు ఉన్న ఆడవాళ్లకు ముందు జాగ్రత్తగా తీసిన ట్యూబుల్ని సన్నగా కోసి మైక్రోస్కోపు కింద చూసినప్పుడు, 2000 ప్రాంతంలో, ఈ సంగతి బయటపడింది.

దాంతో కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం డాక్టర్లు 2010 నుంచి, గర్భసంచి తీసేటప్పుడు పనిలో పనిగా ట్యూబులు కూడా తీసేయండి, ఓవరీలు ఉంచండి అని ప్రచారం పెట్టారు. అలా చేయించుకున్న దాదాపు 26 వేల మందిని గమనించి 2022లో లెక్క చెప్పారు. ఆ ప్రమాదకర రకం 5 కేసులన్నా రావాల్సిన చోట ఒక్కటీ రాలేదు. వాళ్లింకా చిన్న వయసువాళ్లు, కాబట్టి పండగ చేసుకునే టైం ఇప్పుడే కాదు. కానీ దారి మాత్రం సరైందే అని నా అభిప్రాయం.

జమ్మికుంట_పత్తి

డాక్టరమ్మ గారూ, లెక్కలు బాగున్నాయి. మా ఇంట్లో ఏమైందో వినండి. మా ఆవిడకు 31 ఏళ్లు అప్పుడు. తెల్లబట్ట అవుతోందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చూపిస్తే, ఆయనే ఆటో మాట్లాడి ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాడు. స్కానింగ్ చూసి గర్భసంచికి పుండు పడింది, తీయకపోతే క్యాన్సర్ అవుతుంది అన్నారు. క్యాన్సర్ అనే మాట వింటే మనకు ఇంకేం వినపడుతుంది? పత్తి అమ్మిన పైసలు మొత్తం కట్టిన. తర్వాత తెలిసింది ఓవరీలు కూడా తీసేశారని. అడిగితే, మళ్లీ ఎప్పుడూ ఇబ్బంది రాకుండా అని జవాబు. 31 ఏళ్లకు! ఇప్పుడు చలికాలం రాత్రి కూడా చెమటలు పట్టి లేచి కూర్చుంటుంది, పత్తి ఏరేటప్పుడు వంగితే నడుం లేవదు, బాత్రూంలో జారి పడితే మణికట్టు విరిగింది. ఎముకల డాక్టర్ కాగితం చూసి, ఈ వయసులో ఇవి ఎందుకు తీశారు అని నన్నే అడిగిండు. నేనేం చెప్పాలె?

ములుగు_ఆశా

అన్నా, మీ ఒక్కరిదే కాదు. నేను ఆశా వర్కర్‌ను, నా ఏరియాలో నలభై దాటకముందే గర్భసంచి లేనివాళ్లు ప్రతి వాడకట్టులో ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే మన తెలంగాణలో, ఆంధ్రలో 8 శాతం దాటారు. దేశంలో మనమే ముందున్నాం, ఏం గొప్పో మరి! 40 లోపు వాళ్లకు ఈ ఆపరేషన్లు ఇష్టమొచ్చినట్టు చేయకుండా కేంద్రం 2022లో మార్గదర్శకాలు తెచ్చింది, వాటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మా ఊరి దాకా ఎంత వచ్చిందని మాత్రం అడగకండి.

లెక్కల_మాస్టర్, కరీంనగర్

ఒక్క విషయం. 94 శాతం తక్కువ అనగానే అందరికీ అదే మేలనిపిస్తుంది. ఎంతలో 94 శాతం అన్నది చూడాలి. మన దేశంలో సగటు ఆడమనిషికి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 100కి ఒకటి కంటే తక్కువ. లెక్క తేలిక కోసం వెయ్యి మందిలో 10 మందికి అనుకుందాం. స్వీడన్ లెక్క ప్రకారం అందరికీ ఓవరీలు తీసేస్తే ఆ 10 ఒకటి లోపుకు వస్తుంది. ట్యూబులు మాత్రమే తీస్తే మూడు, నాలుగుకు వస్తుంది. అంటే ఆ చివరి ముగ్గురి కోసం వెయ్యి మందికీ ఓవరీలు తీయాలి. మిగతా 997 మంది ఏం పోగొట్టుకుంటారో జమ్మికుంట అన్న చెప్పనే చెప్పాడు. ఈ రెండో లెక్క డాక్టర్లు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

తెల్లకోటు

చెప్పేవాళ్లం ఉన్నాం సార్ :)

అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. గర్భసంచి తీయించుకున్న సుమారు 29 వేల మందిని 24 ఏళ్లు గమనించారు, 2009లో ఫలితం వచ్చింది. ఓవరీలు కూడా తీయించుకున్నవాళ్లలో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు తగ్గాయి. నిజమే. కానీ గుండె జబ్బులు పెరిగాయి, మొత్తం మరణాలు కూడా ఎక్కువే. ముఖ్యంగా 50కి ముందే తీయించుకుని, తర్వాత ఈస్ట్రోజెన్ వాడనివాళ్లలో. ఓవరీ అంటే పిల్లల కోసమే కాదు, ఎముకకు, గుండె రక్తనాళాలకు హార్మోన్ అందించేది అదే. నెలసరి ఆగిపోయాక కూడా కొంత ఇస్తూనే ఉంటుంది.

ట్యూబులు తీస్తే ఓవరీకి రక్తం తగ్గుతుందేమో అన్న అనుమానం ఉంది, ఇప్పటిదాకా చూసిన కొన్నేళ్లలో పెద్ద తేడా కనిపించలేదు. గర్భసంచి తీస్తే మాత్రం ఓవరీలు ఉంచినా మెనోపాజ్ కొంత ముందే వచ్చే అవకాశం ఉంది.

మెట్‌పల్లి_పసుపు

మీరంతా ఓవరీలు ఉంచాల్సిందే అన్నట్టు రాస్తున్నారు, నాకు కొంచెం కోపమే వస్తోంది. మా అక్క 47 ఏళ్లకు అండాశయ క్యాన్సర్‌తో పోయింది. మేనత్తకు రొమ్ము క్యాన్సర్. అక్కకు ట్రీట్‌మెంట్ జరుగుతున్నప్పుడే రక్తపరీక్ష చేయిస్తే బీఆర్‌సీఏ1 అనే జీన్‌లో లోపం తేలింది. తర్వాత నాకు చేస్తే నాకూ ఉంది. ఆ జీన్ ఉన్నవాళ్లలో 80 ఏళ్లలోపు ప్రతి 100 మందిలో 40 మందికి పైనే అండాశయ క్యాన్సర్ వస్తుంది, బీఆర్‌సీఏ2 అయితే 17 మంది దాకా. మాస్టారూ, మీ వెయ్యికి 10 లెక్క మా ఇంటికి వర్తించదు.

నేను 41కి ట్యూబులు, ఓవరీలు రెండూ తీయించేసుకున్నాను. నాకు రొమ్ము క్యాన్సర్ లేదు కాబట్టి డాక్టర్ సలహాతో హార్మోన్ వాడుతున్నాను, 50 వరకు అన్నారు. ఎముకల స్కాన్ చేయిస్తున్నాను. అన్నీ తీసేసినా కడుపు పొర మీద వచ్చే అవకాశం కొద్దిగా మిగులుతుందని ముందే చెప్పారు. చెమటలు, నిద్ర పట్టకపోవడం అన్నీ పడ్డాను. అయినా రాత్రి అక్క ఫోటో చూసినప్పుడు తప్పు చేశానని ఒక్కసారి కూడా అనిపించలేదు. చెల్లె, మీ పిన్నికి జీన్ పరీక్ష చేశారా? ముందు అది అడగండి.

తెల్లకోటు

మెట్‌పల్లి గారు అడగాల్సింది అడిగారు. నేనే మొదట్లో అడిగి ఉంటే ఇన్ని పోస్టులు అక్కర్లేదు. అండాశయ క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ, వయసుతో పని లేకుండా, కుటుంబంలో ఎవరికీ లేకపోయినా, ఈ పరీక్ష చేయాలి. వాళ్లలో సుమారు 15 శాతం మందికి ఈ లోపం ఉంటుంది. ఉంటే వాళ్ల మందుల ఎంపిక కూడా మారుతుంది, కాబట్టి పిన్నికీ పనికొచ్చేదే.

పరీక్ష ముందు జబ్బు వచ్చినవాళ్లకే చేయాలి. పిన్నికి లోపం దొరికితే అప్పుడు మీ అమ్మగారికి, ఆవిడకూ ఉంటే మీకు. లోపం ఉన్న తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం, నాన్న వైపు నుంచి రాదనుకోవడం పొరపాటు. పిన్నికి అసలు లేదని తేలితే, మీ ఓవరీలు ఈ వయసులో తీయడానికి నాకైతే కారణం కనిపించడం లేదు. ఆ రిపోర్టు వచ్చేదాకా మీ ఆపరేషన్ కొన్ని వారాలు ఆగొచ్చా అని మీ డాక్టర్‌ని అడగండి. ఎలాగూ హిమోగ్లోబిన్ 8తో టేబుల్ మీదికి ఎక్కించే బదులు, ఐరన్ ఇంజెక్షన్లు సెలైన్‌లో ఎక్కించి, రక్తస్రావం ఆపే మందులిచ్చి, కాస్త పెరిగాక చేయడమే మంచిది.

గోదావరిఖని_రిటైర్డ్

ఇంత గొడవ ఎందుకమ్మా, సీఏ 125 అని రక్తపరీక్ష ఉందట కదా. మా అల్లుడు చెప్పిండు. ఏడాదికోసారి అది, ఒక స్కానింగ్ చేయించుకుంటే సరిపోదా?

తెల్లకోటు

సరిపోదు బాపూ. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్లను తీసుకుని, కొందరికి ఏటా సీఏ 125, కొందరికి ఏటా స్కానింగ్ చేసి, 16 ఏళ్లు చూశారు. 2021లో తేలిందేమంటే, చేయించుకున్నవాళ్లలోనూ చేయించుకోనివాళ్లలోనూ ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. అందుకే ఏ లక్షణమూ లేని మామూలు ఆడవాళ్లకు ఈ పరీక్ష ఏటా చేయమని ఎవరూ చెప్పరు. హెల్త్ ప్యాకేజీలు అమ్మేవాళ్లు తప్ప.

పైగా ఆ సీఏ 125 ఫైబ్రాయిడ్లకు పెరుగుతుంది, ఎండోమెట్రియోసిస్‌కు పెరుగుతుంది, నెలసరి రోజుల్లో పెరుగుతుంది. మన దగ్గర అన్నిటికంటే ముఖ్యంగా కడుపు టీబీకి పెరుగుతుంది. పెద్దపల్లి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, కడుపులో నీళ్లు, సీఏ 125 వందల్లో, ఇంట్లో వాళ్లు అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉన్నారు. బయాప్సీ చేస్తే టీబీ. ఆరు నెలల కోర్సు వాడింది, తగ్గిపోయింది. ముక్క తీసి చూడకుండా క్యాన్సర్ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ములుగు_ఆశా

పరీక్ష సంగతేమో గానీ లక్షణాల దగ్గరే మావాళ్లు దెబ్బతింటున్నారు. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తినగానే నిండిపోయినట్టు ఉండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి పోవాలనిపించడం. ఇవి ఎప్పుడో ఒకసారి అందరికీ ఉంటాయి. కొత్తగా మొదలై, రెండు మూడు వారాలైనా పోకుండా దాదాపు రోజూ ఉంటే, అందులోనూ యాభై దాటినవాళ్లయితే, గ్యాస్ అని ఊరుకోవద్దు. నేను గడపగడపకు పోయినప్పుడు కడుపు ఉబ్బిందా అని అడిగితే లేదంటారు. లంగా బొందు ముడి ముందటి చోట పడుతున్నదా, జరిపి కట్టుకుంటున్నావా అని అడుగుతా. అప్పుడు చెప్తారు, నిజమే అక్కా, జాకెట్లు వదులైతున్నయి, నడుము దగ్గర మాత్రం పట్టేస్తుంది అని. చేతులు సన్నబడి కడుపు పెరిగితే అది బలుపు కాదు.

ఇంకోటి. గర్భసంచి తీయించుకున్నవాళ్లకు లేడీ డాక్టర్ దగ్గరికి పొమ్మంటే నవ్వుతారు. ఏముందని పోవాలె, అంతా తీసేసిండ్రు కదా అంటారు. వీళ్లు ముందు గ్యాస్ డాక్టర్, తర్వాత ఆర్‌ఎంపీ, ఆ తర్వాత పసరు మందు, అన్నీ అయ్యాక చివరికి గైనకాలజిస్టు దగ్గరికి చేరేసరికి పిన్నమ్మ లాగే అవుతోంది.

జమ్మికుంట_పత్తి

మా ఆవిడకు ఓవరీలు కూడా లేవు కదా, ఇప్పుడు ఆమెకు ఏమైనా చేయించాలా? హార్మోన్ మాత్రలు వాడితే మళ్లీ క్యాన్సర్ అంటున్నారు.

తెల్లకోటు

ఇప్పుడామె వయసెంతో రాయలేదు. 50 లోపు అయితే, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బులాంటివి లేకపోతే, హార్మోన్ వాడటం వల్ల లాభమే ఎక్కువ. శరీరం మామూలుగా ఇవ్వాల్సిందే బయటి నుంచి ఇస్తున్నాం. మీరు విన్న క్యాన్సర్ మాట 50 దాటాక కొత్తగా మొదలుపెట్టినవాళ్ల లెక్క. వాళ్లలో అయినా అయిదేళ్లు వాడితే వెయ్యి మందికి అదనంగా ఒక అండాశయ క్యాన్సర్. ముందు ఎముకల సాంద్రత పరీక్ష చేయించండి, కాల్షియం, విటమిన్ డి చూడండి, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కూడా. మణికట్టు అంత తేలిగ్గా విరిగిందంటే ఆలస్యం చేయొద్దు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించవచ్చు.

ఓరుగల్లు_బిడ్డ

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. రెండో డాక్టర్ దగ్గరికే మళ్లీ వెళ్లాను. ఈసారి అడగాల్సినవి కాగితం మీద రాసుకుని పోయాను, కుర్చీలో కూర్చుంటే అన్నీ మర్చిపోతా మరి. ట్యూబులు తీసి ఓవరీలు ఉంచుతారా అని అడిగితే, నేనే చెప్దామనుకున్నా అంది. కు.ని. ఆపరేషన్ అయింది కదా, ట్యూబులు ఇంకా ఉంటాయా అని అడిగాను. అప్పుడు మధ్యలో చిన్న ముక్క కట్టేస్తారు గానీ చివర కుచ్చు అట్లాగే ఉంటుంది, ఇప్పుడు పూర్తిగా తీయాలి అంది. ఆపరేషన్ ముందు సంతకం పెట్టే కాగితంలో ఏం తీస్తారు, ఏం ఉంచుతారు అన్నది తెలుగులో రాయించుకుంటానన్నాను, సరే అంది.

పిన్నికి జీన్ పరీక్ష జరగలేదు. ఎవరూ చెప్పలేదట. బాబాయ్ మొదట ఇప్పుడు అదెందుకు అన్నాడు. నీ ఇద్దరు బిడ్డల కోసం అని అమ్మ గట్టిగా అంటే ఒప్పుకున్నాడు. శాంపిల్ ఇచ్చారు, రిపోర్టుకు మూడు నాలుగు వారాలన్నారు. అప్పటిదాకా నాకు ఐరన్ ఎక్కిస్తున్నారు. మెట్‌పల్లి అక్కా, మీరు అడగకపోతే ఈపాటికి మొదటి డాక్టరమ్మ దగ్గర డేటు తీసుకునేదాన్ని.

మెట్‌పల్లి_పసుపు

రిపోర్టులో ఉన్నదనో లేదనో కాకుండా, అర్థం తేల్చలేని మార్పు అని కూడా రావచ్చు. మా చెల్లెలి వరసామెకు అట్లాగే వచ్చింది. అదొచ్చినంత మాత్రాన ఏదీ తీయించుకోవద్దు. జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, నేనడిగిన ప్రశ్నలు పంపిస్తా.

గోదావరిఖని_రిటైర్డ్

సిస్టరమ్మా, మా ఇంటావిడ ఆపరేషన్ చేసిన నర్సింగ్ హోమ్ మూతపడి చాలా ఏళ్లయింది. డిశ్చార్జి కాగితం ఇనప్పెట్టెలో ఉండాలె, వెతకాలె. లేకపోతే ఓవరీలు ఉన్నయో లేవో ఎట్లా తెలుస్తది? ఆమెకు 68. ఊరికే తెలుసుకుందామని.

మూడో_షిఫ్ట్, వరంగల్

కింది నుంచి చేసే స్కానింగ్‌లో తెలుస్తుంది బాపూ. కాకపోతే ఆ వయసుకు ఓవరీలు బాగా చిన్నవైపోతాయి, కొందరికి ఉన్నా కనిపించవు. కాబట్టి కనిపించలేదు అంటే లేవని కాదు. ఏ ఇబ్బందీ లేకపోతే ప్రత్యేకంగా స్కానింగ్ కూడా అక్కర్లేదు. ఆమెకు లంగా బొందు గట్టిగా అవుతోందా, అన్నం సరిగ్గా తింటోందా, ఆ రెండూ అడగండి.

గోదావరిఖని_రిటైర్డ్

నేనడిగితే చెప్పదు. కోడలితో అడిగిస్తా.